అందలమును మోయువారు
ఓపెన్ సోర్స్ పనులలో సహాయకులు కాగోరు విద్యార్థులకు

"అందరును అందల మెక్కినచో మోయువా రెవరు?" అను సామెతను మన విద్యార్థు లెల్లరును వినియే యుందురు. ఈ కాలమున లోకమంతయు నెక్కి తిరుగుచున్న అందల మొకటి కలదు. దాని నెక్కినవారు కోట్లమంది, మోయువారు కొలదిమంది. ఎక్కినవారు మోయువారి పేళ్ల నెరుగరు. వారి భుజములు కాయలు కాచినను చూడరు. ఆ అందలమునకు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అని పేరు. కంప్యూటరు పాఠములయందు ఆసక్తిగల మన బాలబాలికలలో కొందరు తామును దానికి భుజము నియ్యగోరుచున్నారు. "ఎట్లు మొదలిడవలెను? ఏ పని ముందు చేయవలెను?" అని వా రడుగు ప్రశ్నలకును, "జీతము లేని యీ చాకిరివలన ప్రయోజన మేమి?" అని తలిదండ్రు లడుగు ప్రశ్నకును మాకు తోచిన సమాధానమును ఇందు వ్రాయుచున్నాము.

ఉమ్మడి చెరువు

కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా నిర్దేశించు ఆజ్ఞల సముదాయమునకు ప్రోగ్రామని పేరు. ఆ ఆజ్ఞలను మనుష్యులు చదివి గ్రహింపదగిన రూపమున వ్రాసినదానిని సోర్స్ కోడ్ అందురు; మేము దానిని మూలపాఠమని వ్యవహరింతుము. కొన్ని కంపెనీలు మూలపాఠమును దాచి, పనిచేయు రూపమును మాత్రమే విక్రయించును. ఓపెన్ సోర్స్ పద్ధతియందు మూలపాఠము లోకమునకెల్ల తెరచియుండును. దానిని చదువుటకును, దిద్దుటకును, దిద్దినదానిని ఇతరులకు పంచుటకును లైసెన్సు అను అనుమతిపత్రము మూలముగా అందరికిని హక్కు కలదు. ఇది ఊరచెరువు వంటిది. నీరు వాడుకొను హక్కు అందరిది. కట్ట తెగినప్పుడు తట్టయు పారయు పట్టవలసిన బాధ్యతయు అందరిదే.

1983వ సంవత్సరమున అమెరికా దేశమున రిచర్డ్ స్టాల్‌మన్ గారు గ్నూ అను పేర ఇట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును నిర్మింపనున్నట్లు ప్రకటించిరి. 1991 ఆగస్టు 25వ తేదీన, ఫిన్లండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచున్న లైనస్ టోర్వాల్డ్స్ అను 21 ఏండ్ల యువకుడు తాను వేడుకకై ఒక ఆపరేటింగ్ సిస్టమును వ్రాయుచున్నానని తెలిపి, దానియం దేమేమి యుండిన బాగుండునో చెప్పుడని పదిమంది నడిగెను. ఆ వేడుక పనియే లైనక్స్. నేడు ఆండ్రాయిడ్ ఫోను చేతబట్టిన ప్రతివాడును లైనక్సును చేతబట్టినవాడే. ఆ విద్యార్థి ప్రజ్ఞ గొప్పదే. కాని పదిమంది నడుగుటయు, వారు పంపిన దిద్దుబాటులను చదివి కైకొనుటయు లేకున్నచో, ఆ పని యొక విద్యార్థి నోటుపుస్తకముగనే మిగిలియుండును.

సహాయ మననేమి?

ఇట్టి ప్రతి ప్రాజెక్టునకును నిర్వాహకుడో నిర్వాహకురాలో యుండును. పేరుగన్న ప్రాజెక్టులకు వందలకొలది సహాయకులును, సంస్థల ధనబలమును కలవు. కాని లోకమంతయు ఆధారపడిన అనేకములగు చిన్న ప్రాజెక్టులను ఒక్కరో యిద్దరో, పగటి యుద్యోగము ముగిసిన పిదప నిదుర మానుకొని నడుపుచున్నారు. వారికి నలుదిక్కులనుండియు ఫిర్యాదులు, ప్రశ్నలు, దిద్దుబాటులు వచ్చి పడుచుండును. క్రొత్త మూలపాఠము వ్రాయుటకంటె ఈ వచ్చిపడినవానిని చక్కబెట్టుటకే వారి కాలము ఎక్కువగ వ్యయమగును.

కావున మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మొక్కటే. నిర్వాహకుని బరువును తగ్గించునది సహాయము. దానిని పెంచునది, ఎంత సదుద్దేశముతో చేసినదైనను, సహాయము కాదు. ఈ త్రాసును చేతబట్టుకొని ఒక్కొక్క పనిని తూచి చూతము.

మొదటి పని: దోషముల నేరుట

ప్రోగ్రామునందు తప్పు కనబడినప్పుడు దానిని వాడువారు ఫిర్యాదు వ్రాయుదురు. "తెలుగు సరిగా రాలేదు, వెంటనే బాగుచేయుడు" అని యొకడు వ్రాయును. దీనిని చదివిన నిర్వాహకుడు ఏమి చేయగలడు? మరియొకడు ఇట్లు వ్రాయును: "ఈ ప్రోగ్రాముయొక్క ఫలాని సంఖ్యగల విడుదలలో, ఫలాని ఫాంటుతో 'లక్ష్మి' అని వ్రాసితిని. క్ష క్రింద మకారపు వత్తు రావలసియుండగా అది ప్రక్కకు జరిగినది. పాత విడుదలలో ఇట్లు లేదు. బొమ్మను జతపరచితిని." ఈ రెండవది నిజమైన దోషనివేదన. ఏమి చేసితిమి, ఏమి జరుగవలెను, ఏమి జరిగినది, ఎచ్చట జరిగినది అను నాలుగును ఇందు కలవు.

సహాయకుడు కాగోరువాడు ముందుగా చేయదగినది మొదటిరకపు ఫిర్యాదులను రెండవరకముగా మార్చుట. వ్రాసినవానిని మర్యాదగా ప్రశ్నించి లోపించిన వివరములు తెప్పింపవలెను. తన కంప్యూటరులో ఆ దోషము మరల కనబడునో లేదో చేసి చూడవలెను. ఒకే దోషమును పదిమంది వ్రాసియున్నచో ఆ పదింటిని ఒకచోటికి చేర్చవలెను. ఆసుపత్రి వాకిట నిలిచి, ఏ రోగిని ముందు లోనికి పంపవలెనో చూచు నర్సమ్మ పని యిది. వైద్యుడు కానక్కరలేదు, ఓపికయు, వివేకమును చాలును.

తెలుగువారు మాత్రమే చేయగల పని యిందు కొంత కలదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను అక్షరమునకు సంబంధించిన యొక కూర్పు తెరపై కనబడినంతనే ఆపిల్ వారి ఐఫోనులలో సందేశముల యాప్ మున్నగునవి నిలిచిపోయెను. ఆ కంపెనీవారు అదే నెలలో దిద్దుబాటును విడుదల చేసిరి. అది ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులోని దోషము కాదు. అయినను మన లిపికి కలుగు చిక్కులు ఇతర భాషల వారికి సులభముగా కనబడవని దానివలన తెలియుచున్నది. వత్తు తప్పినదో లేదో చూచి చెప్పగలవారు మన పాఠశాలలో అయిదవతరగతి మొదలు అందరును కలరు.

రెండవ పని: పరుల వ్రాతను చదువుట

వ్రాయువారు చాలమంది, చదువువారు తక్కువ. ఇతరులు పంపిన దిద్దుబాటును పంక్తి పంక్తిగా చదివి, తప్పొప్పులు చెప్పుట కష్టమైన పని. మెప్పు రాని పని. అది లోపించినప్పుడు కలుగు హాని యెట్టిదో చూడుడు.

బ్యాంకు వ్యవహారములును, ఉత్తరములును ఇంటర్నెట్టుమీద ఇతరులకు తెలియకుండ సాగుటకు తోడ్పడు ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అను ప్రాజెక్టు కలదు. 2011 డిసెంబరు చివరి రాత్రి ఒక సహాయకుడు పంపిన చేర్పు, ఒక పరిశీలకుడు చూచిన పిదప, దాని మూలపాఠమున చేరెను. 2012 మార్చిలో విడుదలయ్యెను. అందొక చిన్న లోపము కలదు. వ్రాసినవాడును చూడలేదు, పరిశీలించినవాడును చూడలేదు. దానిని ఇట్లు ఊహింపవచ్చును. ఒకడు గుమాస్తాకు ఒక కాగితమిచ్చి, "అరువది కాగితము లిచ్చితిని, తిరిగి యిమ్ము" అనెను. గుమాస్తా లెక్కింపక, ఆ యొక్క కాగితమును, దాని వెంబడి బల్లపైనున్న పరుల కాగితములు యాబదితొమ్మిదిని కలిపి యిచ్చివేసెను. ఇదే కంప్యూటరునందు జరిగెను. అడిగినవానికి ఒక్కొక్క పర్యాయము 64 కిలోబైట్ల వరకు పరుల రహస్యములు చిక్కెడివి. రెండేండ్లు దాటిన పిదప, 2014 ఏప్రిల్ 7వ తేదీన, ఈ లోపము హార్ట్‌బ్లీడ్ అను పేర బయటపడెను. లోకమంతయు వాడుచున్న ఆ ప్రాజెక్టునకు అప్పటివరకు ఏటికి వచ్చు చందాలు సుమారు 2,000 డాలర్లు మాత్రమే. పూర్తికాలము పనిచేయువాడు ఒక్కడే. తప్పు చేసిన సహాయకుని నిందించుట సులభము. తప్పు చేయనివా డెవడు? రెండవ కన్ను, మూడవ కన్ను అచ్చట లేకపోవుటయే అసలు కొరత.

చదువు విధమునుగూర్చి మా సలహా యిది. చిన్న దిద్దుబాటులతో మొదలిడవలెను. అర్థము కానిచో "నాకు తెలియలేదు, ఈ పంక్తి యేల?" అని అడుగవలెను. అట్టి ప్రశ్నయే పెక్కుసారులు తప్పును బయటపెట్టును. తప్పు దొరికినప్పుడు వ్రాతను విమర్శింపవలెను గాని వ్రాసినవానిని కాదు. బాగున్నదానిని బాగున్నదనియు చెప్పవలెను.

మూడవ పని: వివరణయు, అనువాదమును

ప్రోగ్రామును ఎట్లు వాడవలెనో తెలుపు పుస్తకము సరిగా లేనిచో ఒకే ప్రశ్న నూరుసారులు వచ్చును. ఆ ప్రశ్నకు ఒక్కసారి చక్కని సమాధానము వ్రాసి పుస్తకమున చేర్చినవాడు నిర్వాహకునికి తొంబదితొమ్మిది జాబుల శ్రమ తప్పించినవాడు. క్రొత్తగా నేర్చుకొనుచున్నవానికే ఈ పని బాగుగ కుదురును. ఏలయన ఎచ్చట అడుగు తడబడునో వానికే గుర్తుండును.

అనువాదమును ఇట్టిదే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనది. దానిని నడుపు మీడియావికీ అను ఓపెన్ సోర్స్ ప్రోగ్రామునందు కనబడు మాటలను ట్రాన్స్‌లేట్‌వికీ అను చోట స్వచ్ఛంద సేవకులు తెలుగున వ్రాసినందుననే మనము వానిని తెలుగున చదువగలుగుచున్నాము. అనువదించువారు ఒక్కొక్క ఇంగ్లీషు మాటకు ఒక్కొక్క సంస్కృత సమాసమును అతికింపరాదు. మన ఇంటిలోని నాయనమ్మ ఆ మీటను చూచి ఏమి చేయవలెనో గ్రహించునా అని అడుగుకొనవలెను. ఇదివరకు పనిచేసినవారు ఏ మాట వాడిరో చూచి, దానినే వాడవలెను. ఒక తెరపై "భద్రపరచు" అనియు, వేరొక తెరపై "దాచు" అనియు ఉన్నచో చదువరి రెండు పనులని భ్రమించును.

బరువు పెంచు సాయము

ఇక త్రాసున తేలిపోవు పనులను చెప్పవలెను. డిజిటల్ ఓషన్ అను కంపెనీవారు ఏటేట అక్టోబరు నెలలో హాక్టోబర్‌ఫెస్ట్ అను ఉత్సవము జరుపుచు, 2020లో నాలుగు దిద్దుబాటులు పంపినవారికి టీషర్టు బహుమానముగ ఇత్తుమనిరి. ఆ చొక్కాకొరకు వేలకొలది యువకులు, మన దేశపు విద్యార్థులు పలువురు వారిలో నుండగా, పరిచయపత్రమున ఒక విశేషణము చేర్చియో, ఒక చుక్క మార్చియో దిద్దుబాటులని పంపసాగిరి. నిర్వాహకులు ఆ చెత్తను ఊడ్చుటతోనే అలసిరి. ఆ నెల మొదటి దినములలోనే కంపెనీవారు నియమము మార్చి, సమ్మతించిన ప్రాజెక్టులకు పంపినవి మాత్రమే లెక్కకు వచ్చునని ప్రకటింపవలసివచ్చెను. మన పిల్లలకు దీనివలన వచ్చినది చొక్కా, పోయినది పరువు.

కృత్రిమమేధచే వ్రాయించి పంపు నివేదనలు ఇట్టివే. 2024 జనవరిలో కర్ల్ అను ప్రసిద్ధమగు ప్రోగ్రాముయొక్క నిర్వాహకులు డేనియల్ స్టెన్‌బెర్గ్ గారు దీనినిగూర్చి బహిరంగముగ మొరపెట్టుకొనిరి. ఆ నివేదనలు చూపునకు చక్కగ నుండును. విప్పిచూడ నేమియు నుండదు. అది తేల్చుటకు మాత్రము గంటలు పట్టును. యంత్రమును వాడవద్దని మే మనము. తాను చదివి, చేసి చూచి, తన మాటగ నిలబెట్టగలిగినదానినే పంపవలెను. లైనక్స్ పనియందు 2004 మొదలుకొని ప్రతి దిద్దుబాటు క్రిందను పంపువాడు తన పేరు వ్రాసి, దీనిని ఇచ్చుటకు తనకు హక్కు కలదని ఒప్పుకొనవలసియున్నది. పరీక్షలో ప్రక్కవాని కాగితము చూచి వ్రాయరాదను మన నియమమునకును దీనికిని భేదము లేదు.

అలసిన నిర్వాహకుని కథ

ఇప్పుడు చెప్పబోవు వృత్తాంతమును మా విద్యార్థులు శ్రద్ధగా చదువవలెను. ఫైళ్లను చిన్నవిగా కుదించు ఎక్స్‌జెడ్ యుటిల్స్ అను ప్రాజెక్టు కలదు. లైనక్స్ వాడు కంప్యూటరులలో నది లేని చోటు అరుదు. దానిని అనేక సంవత్సరములు ఒక్క నిర్వాహకుడు జీతము లేకయే నడిపెను. 2021లో జియా టాన్ అను పేర ఒక సహాయకుడు వచ్చెను. చిన్న చిన్న దిద్దుబాటులు పంపెను; అవి పనికివచ్చునవే. 2022లో మునుపెన్నడు విననివారు కొందరు, పని మందగించినదనియు, ఇంకొకరికి అధికార మియ్యవలెననియు నిర్వాహకుని పదేపదే ఒత్తిడి చేసిరి. ఇది జీతము లేని పని యనియు, తన మనస్సునకు చాలకాలముగా స్వస్థత లేదనియు ఆయన చెప్పుకొనెను. ఒత్తిడి ఆగలేదు. క్రమముగా జియా టానునకు విడుదలలు చేయు అధికారము వచ్చెను.

2024 ఫిబ్రవరి, మార్చి నెలలలో వెలువడిన 5.6.0, 5.6.1 అను విడుదలలలో ఒక దొంగవాకిలి దాగియుండెను. రహస్యపు తాళపుచెవి గలవాడు దానిమూలమున దూరపు కంప్యూటరులలో ప్రవేశించి ఇచ్చవచ్చినట్లు చేయవచ్చును. పరీక్షకొరకు ఉంచిన పాడైన ఫైళ్లవలె కనబడు వానిలో దానిని దాచిరి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, తాను చేయుచున్న వేరొక పరీక్షలో కంప్యూటరులోనికి ప్రవేశించుటకు సుమారు అరసెకండు ఎక్కువ పట్టుచున్నదని గమనించెను. మరియొకడైనచో ఊరకుండును. ఆయన ఊరకుండక కారణము వెదకి, ముందుగా డెబియన్ అను లైనక్స్ పంపిణీవారి భద్రతావర్గమునకును, ఇతర పంపిణీదారులకును రహస్యముగ తెలిపి, మార్చి 29వ తేదీన లోకమునకు వెల్లడించెను. అప్పటికి ఆ విడుదలలు కొన్ని పంపిణీల పరీక్షారూపములు మున్నగువానిలో మాత్రమే చేరియుండెను. అందరును వాడు స్థిరరూపములకు చేరకమునుపే ఆపద తప్పెను.

ఈ కథనుండి కొందరు "క్రొత్తవారిని నమ్మరాదు" అను నీతిని తీయుదురు. మా కట్లు తోచదు. ఆ నిర్వాహకుని ప్రక్కన ఇద్దరు ముగ్గురు నిజమైన సహాయకులు ముందే నిలిచియున్నచో, దొంగకు చోటెక్కడిది? లోకమంతయు నెక్కిన అందలమును ఒక్కడు మోయుచుండగా, "వేగముగ నడువుము" అని అరచినవారే గాని భుజము మార్చుకొన వచ్చినవారు లేరు. వచ్చిన యొక్కడు దొంగ యయ్యెను. గండి పడినది నమ్మకమున కాదు, ఒంటరితనమున.

నమ్మకపు మెట్లు

ఇందువలన సహాయకులు పాటింపదగిన ధర్మములు కొన్ని తేలుచున్నవి. అధికారమును అడిగి తీసికొనరాదు. పని చేయుచుండగా అది తానై రావలెను. గిట్‌హబ్ అను ప్రసిద్ధ నెలవున సంస్థల ప్రాజెక్టులకు అయిదు మెట్లు గలవు: చదువుట, దోషముల నేరి గుర్తులు పెట్టుట, మూలపాఠమును మార్చుట, ప్రాజెక్టును నడుపుట, సర్వాధికారము. రెండవ మెట్టుననే ఎంతో సేవ చేయవచ్చును. అచ్చట మూలపాఠమును ముట్టు అధికారము లేదు గావున పొరపాటు జరిగినను పెద్దహాని లేదు. పైమెట్ల నున్నవారును తమ దిద్దుబాటును తామే ఆమోదించుకొనక ఇంకొకరికి చూపవలెను. ఇది అపనమ్మకము కాదు. సంఘపు కానుకల పెట్టెను ఇద్దరు కలిసి లెక్కించుట యెవరి నిజాయితీని శంకించి?

భద్రతాదోషము కనబడినచో పదిమందిలో చాటరాదు. ఫ్రాయిండ్ గారివలె ముందుగా బాధ్యులకు రహస్యముగ తెలుపవలెను. కట్టకు గండిపడిన చోటును, దానిని పూడ్చకమునుపే, దొంగలు తిరుగు సంతలో దండోరా వేయుదుమా?

మాట ఇచ్చినంత పనియే చేయవలెను; చేయలేనప్పుడు ముందుగా చెప్పవలెను. పరీక్షలు వచ్చినవని చెప్పి నెలదినములు తప్పుకొన్నవానిని ఎవరును నిందింపరు. చెప్పక మాయమైనవానికొరకు అందరును కాచియుందురు. నాయకుడు తప్పుకొనుటయు నేర్వదగిన విద్యయే. పైథాన్ అను భాషను సృజించిన గీడో వాన్ రోసమ్ గారు 2018 జూలైలో, వాదోపవాదములచే అలసి, తుదినిర్ణయము చేయు పదవిని విడిచిరి. తనకు వారసుని నియమింపక, ఎట్లు నడుపుకొందురో మీరే నిర్ణయించుకొనుడనిరి. 2019లో సహాయకులు అయిదుగురు సభ్యుల సమితి నెన్నుకొనిరి. సృజించినవాడు తప్పుకొన్నను పని నిలువలేదు. అనేకుల భుజములపై నున్న అందలము ఒకడు తప్పుకొన్నంతమాత్రమున క్రిందపడదు.

తలిదండ్రులతో నొక మాట

"దీనివలన మా పిల్లవానికి ఉద్యోగము వచ్చునా?" అని మీ రడుగుదురు. వచ్చిన రావచ్చును, ఏలయన వాని పని లోకమున కెల్ల కనబడుచుండును. కాని ఆ యాశతోనే మొదలిడినవాడు చొక్కాకై చుక్కలు మార్చినవానివలె నగును. వారమునకు రెండు గంటలు, చదువునకు భంగము రాకుండ, ఒక్క ప్రాజెక్టును పట్టుకొని యొక యేడు పనిచేసిన బాలునికి మేము చూడగోరు లాభము వేరు. పరిచయము లేని పెద్దలకు మర్యాదగా జాబు వ్రాయుటయు, తన తప్పు నెదిరివారు చూపినప్పుడు కోపగింపక దిద్దుకొనుటయు, మెప్పు లేని పనిని తుదిదాక చేయుటయు వాడు నేర్చును. ఈ మూడును నేర్పుటకే గదా మనము పాఠశాలను నడుపుచున్నాము.

వార్షికోత్సవమునాడు వేదికపై పాడినవారికి చప్పట్లు కొట్టుదుము. మరునాడు ప్రొద్దున బల్లలను మోసి మరల తరగతులలో చేర్చిన పిల్లల పేళ్లు ఏ పత్రికలోను అచ్చుపడవు. అయినను వారు లేనిదే సోమవారమునాడు పాఠము సాగదు. ఇతరుల భారమును పంచుకొనవలెనను బోధను మన ప్రార్థనామందిరమున వినుచునే యున్నాము. విద్యార్థులారా, ఈ సెలవులలో మీరు నిత్యము వాడు ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము నొకదానిని ఎంచుకొనుడు. దాని దోషనివేదనల పట్టికను తెరవుడు. పాతదై, సమాధానము లేక పడియున్న నివేదన నొకదానిని మీ కంప్యూటరులో చేసి చూచి, "ఈ దోషము ఫలాని విడుదలలో నిప్పటికిని కలదు" అనియో, "ఇప్పుడు లేదు" అనియో ఒక్క పంక్తి వ్రాయుడు. దూరదేశమున, అర్ధరాత్రమున, ఎవరో యొకరు ఆ పంక్తిని చదివి తమ భుజమున కొంత బరువు తగ్గినదని నిట్టూర్చి నిదురింతురు. అదియే మీ మొదటి సహాయము.